ఇంట్లో వర్చువల్ మెషిన్ల ల్యాబ్: చిన్న పీసీ, ప్రాక్స్‌మాక్స్, కరెంటు పోయినా నిలబడే ఏర్పాటు

చాలా మెషిన్ల మీద కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్ నేర్చుకోవాలన్నా, విండోస్ సర్వర్‌లో యాక్టివ్ డైరెక్టరీ (యూజర్లను, కంప్యూటర్లను ఒకేచోట నుంచి నిర్వహించేది) పెట్టి చూడాలన్నా, ఆన్సిబుల్‌తో నాలుగు మెషిన్లను ఒకేసారి మార్చి చూడాలన్నా లాప్‌టాప్‌లోని వర్చువల్‌బాక్స్ కొన్నాళ్లే సరిపోతుంది. మూడో వీఎం (వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్) ఆన్ చేయగానే బ్రౌజర్ నత్తనడక నడుస్తుంది. మూత వేస్తే ల్యాబంతా నిద్రపోతుంది. క్లౌడ్‌లో పెడదామంటే ఆపడం మరిచిపోయిన మెషిన్‌కు నెలాఖరున బిల్లు వస్తుంది. ఇంట్లో ఓ మూల రోజంతా నడిచే చిన్న పెట్టె ఒకటుంటే ఈ ఇబ్బందులు ఉండవు. దాని మీద వీఎంలను నడిపే సాఫ్ట్‌వేరే ప్రాక్స్‌మాక్స్.

ల్యాబ్ అంటే చెడగొట్టి చూసుకునే చోటు. కాబట్టి చెడిపోయింది పావుగంటలో మళ్లీ లేచి నిలబడేలా ఉండాలి. డబ్బు పెట్టేటప్పుడు ప్రాసెసర్ వేగం చివర చూడండి. ముందు చూడాల్సినవి ర్యామ్, కరెంటు, బ్యాకప్.

ఏ మెషిన్ తీసుకోవాలి

కంపెనీలు లీజు తీరాక వదిలేసే చిన్న డెస్క్‌టాప్‌లే ఈ పనికి సరిగ్గా సరిపోతాయి: డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ. ఇంటెల్ 8వ తరం, ఆ పైవి చూడండి. ఉదాహరణకు ఐ5-8500టీ చిప్‌లో 6 కోర్లుంటాయి, దాని రేటింగ్ 35 వాట్లే. ర్యామ్ స్లాట్లు రెండుంటాయి, 16 జీబీ చొప్పున రెండు పెడితే 32 జీబీ. ఒక ఎన్‌వీఎంఈ డ్రైవ్, చాలా మోడళ్లలో దాంతో పాటు ఒక రెండున్నర అంగుళాల సాటా డ్రైవ్ పడతాయి. 16 జీబీతో మొదలుపెట్టేవాళ్లు ఒకే 16 జీబీ స్టిక్ వేసి రెండో స్లాట్ ఖాళీగా ఉంచుకోండి. 8 జీబీవి రెండు వేస్తే తర్వాత రెండింటినీ తీసి పారేయాలి.

పాత ర్యాక్ సర్వర్ తక్కువ ధరకు వస్తోందని చాలామంది మొగ్గుతారు. లెక్క వేసి చూడండి. మినీ పీసీ ఖాళీగా ఉన్నప్పుడు 20 వాట్లు లాగుతుందనుకుంటే రోజుకు 480 వాట్-అవర్లు, నెలకు 14.4 యూనిట్లు. ర్యాక్ సర్వర్ ఖాళీగా 120 వాట్లు లాగినా నెలకు 86 యూనిట్లు దాటుతుంది. స్లాబు మారితే ఆ యూనిట్లు పై రేటుకే పడతాయి. తెలంగాణలో గృహజ్యోతి వర్తించే ఇల్లయితే 200 యూనిట్ల గీత ఇంకా ముఖ్యం, అది దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి. పైగా ర్యాక్ సర్వర్ ఫ్యాన్ల హోరు పక్క గదిలోకీ వినిపిస్తుంది, ఇంట్లో మనుషులు పడుకోవాలి కదా.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే షాపులోనే ఆన్ చేయించి ఇవి చూడండి. బయోస్‌లోకి (మెషిన్ ఆన్ కాగానే తెరుచుకోగలిగే దాని సొంత సెట్టింగుల్లోకి) వెళ్లగలుగుతున్నారా? పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషిన్ వదిలేయండి. అడాప్టర్ అదే కంపెనీదా? డెల్ మెషిన్లు అడాప్టర్‌ను గుర్తుపట్టలేకపోతే ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేస్తాయి. మెషిన్ బాగానే ఆన్ అవుతుంది కాబట్టి ఎందుకింత నెమ్మదిగా ఉందో అంతుపట్టదు. ఇంటికి తెచ్చాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను ఒక రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ స్టిక్ మార్పించుకోండి. చెడ్డ ర్యామ్ మెషిన్‌ను వెంటనే ఆపదు, మీ డిస్కుల్లోని డేటాను మెల్లగా పాడుచేస్తుంది.

రెండు చిన్న ఖర్చులు తప్పనిసరి. ప్రాసెసర్ మీద కొత్త థర్మల్ పేస్టు, మదర్‌బోర్డు మీద కొత్త సీఆర్2032 బ్యాటరీ. ఐదారేళ్ల మెషిన్‌లో ఆ నాణెం బ్యాటరీ అయిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి, కొన్ని మోడళ్లలో వర్చువలైజేషన్ కూడా ఆఫ్ అయిపోతుంది. అప్పుడు ఏ వీఎం స్టార్ట్ చేసినా ‘కేవీఎం వర్చువలైజేషన్ కాన్ఫిగర్డ్, బట్ నాట్ అవైలబుల్’ అనే ఎర్రర్ వస్తుంది. నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఎందుకు నడవడం లేదని ప్రాక్స్‌మాక్స్‌ను తిరగేసి లాభం లేదు. ముందు మెషిన్ గడియారం సరైన తేదీ చూపిస్తోందో లేదో చూడండి.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆలోచించాలి. టీవీ కింద మూసిన అర, వంటింటి అటక, రెండూ వద్దు. విజయవాడ, రామగుండం వైపు మే నెలలో పగటి ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. ఆ వేడిలో గాలాడని పెట్టెలో ఉన్న ప్రాసెసర్ 100 డిగ్రీలను తాకి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నాలుగు వైపులా నాలుగు వేళ్ల ఖాళీ ఉన్న ఓపెన్ షెల్ఫ్ చాలు. మూడు నెలలకోసారి మూత తీసి దుమ్ము ఊదేయండి.

కరెంటు సంగతి ముందు తేల్చుకోండి

లెక్కలో పీసీ ఒక్కటే కాదు, ఫైబర్ పెట్టె, రౌటర్, స్విచ్ కూడా ఉంటాయి. అన్నీ కలిపి 45 వాట్లనుకోండి. 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది, అంటే కాగితం మీద 84 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది పోగా, కొత్త బ్యాటరీ మీద అరగంటకు పైగా నడుస్తుంది. వేడి ఊళ్లలో రెండు మూడేళ్లకు ఆ బ్యాటరీ మార్చాల్సిందే.

కొనేటప్పుడు వెనక యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్న యూపీఎస్ అడగండి. అది లేకపోతే కరెంటు పోయిన సంగతి పీసీకి తెలియదు, బ్యాటరీ అయిపోగానే నడుస్తున్న వీఎంలన్నీ ఒక్కసారిగా పడిపోతాయి. ఆ కేబుల్ పీసీకి పెట్టి, ప్రాక్స్‌మాక్స్ మీదే నట్ అనే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ ప్యాకేజీ వేసుకోవాలి.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ‘బ్యాటరీ తగ్గినప్పుడు షట్‌డౌన్ చెయ్’ అని వదిలేస్తారు. చవక యూపీఎస్‌లు చెప్పే శాతాన్ని నమ్మలేం. 60 శాతం చూపిస్తూనే ఆగిపోయేవీ ఉంటాయి. పైగా షట్‌డౌన్ చిటికెలో అయ్యే పని కాదు. ప్రాక్స్‌మాక్స్ ఒక్కో వీఎంను మర్యాదగా ఆపమని అడిగి, మామూలుగా 180 సెకన్ల దాకా ఎదురుచూస్తుంది. మొండి వీఎం ఒక్కటున్నా మూడు నిమిషాలు అక్కడే పోతాయి. అందుకని శాతాన్ని చూడకుండా టైమర్ పెట్టండి: బ్యాటరీ మీదకు వచ్చి 5 నిమిషాలైతే షట్‌డౌన్. ఆలోగా కరెంటు వస్తే టైమర్ రద్దు.

ఇంకో చిక్కుంది. పీసీ ఆగిపోయింది, కానీ యూపీఎస్ ఇంకా కరెంటు ఇస్తూనే ఉంది, ఇంతలో మెయిన్ కరెంటు వచ్చేసింది. పీసీ దృష్టిలో కరెంటు పోనే లేదు, కాబట్టి అది తిరిగి లేవదు. దీనికి నట్‌లోని కిల్‌పవర్ ఏర్పాటు వాడాలి. షట్‌డౌన్ అయ్యాక యూపీఎస్ తన అవుట్‌పుట్‌ను ఆపేసి, మెయిన్ వచ్చాక మళ్లీ ఇస్తుంది, అప్పుడు పీసీ లేస్తుంది. మీ యూపీఎస్ ఆ ఆదేశం వింటుందో లేదో ఒక ఆదివారం ప్లగ్ పీకి, మొత్తం వరస కళ్లారా చూడండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ఆ మోడ్‌లో లేకపోతే కరెంటు మారే క్షణంలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నా పీసీ రీస్టార్ట్ అవుతుంది. గంటల తరబడి కోతలుండే చోట ఇన్వర్టర్ లైను మీద చిన్న యూపీఎస్ పెట్టడం మంచి పద్ధతే, అయితే ఇన్వర్టర్ సైన్ వేవ్‌దై ఉండాలి. స్క్వేర్ వేవ్‌ను కొన్ని యూపీఎస్‌లు మంచి కరెంటుగా ఒప్పుకోవు, ఇన్వర్టర్ నడుస్తున్నా తమ బ్యాటరీనే ఖాళీ చేసుకుంటాయి.

బయోస్, ఇన్‌స్టాలేషన్

బయోస్‌లో వర్చువలైజేషన్ సెట్టింగులు వీటీ-ఎక్స్, వీటీ-డీ రెండూ ఆన్ చేయండి. ఏఎండీ అయితే ఎస్‌వీఎం అని ఉంటుంది. ‘ఏసీ రికవరీ’ లేదా ‘ఆఫ్టర్ పవర్ లాస్’ అని కనిపించేదాన్ని ‘పవర్ ఆన్’కు మార్చండి.

హైపర్‌వైజర్‌గా, అంటే వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్‌గా, మా సలహా ప్రాక్స్‌మాక్స్ వీఈ. డెబియన్ మీద కట్టింది, ఓపెన్ సోర్స్, వీఎంలకు కేవీఎం, కంటైనర్లకు (సొంత కెర్నెల్ లేని తేలికపాటి వీఎంల్లాంటివి) ఎల్ఎక్స్‌సీ వాడుతుంది. వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ ఉచిత వెర్షన్‌ను బ్రాడ్‌కామ్ 2024 ఫిబ్రవరిలో ఆపేసి 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చింది. ఉద్యోగంలో వీఎంవేర్ కావాల్సినవాళ్లు తప్ప మిగతావాళ్లు దాని మీద ఇల్లు కట్టుకోకపోవడమే మంచిది. ప్రాక్స్‌మాక్స్ 9 వెర్షన్ 2025 ఆగస్టులో డెబియన్ 13 మీద వచ్చింది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అదే వేసుకోండి.

ఐఎస్ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి బలేనా ఎచర్‌తో రాయండి. రూఫస్ వాడితే డీడీ మోడ్ ఎంచుకోవాలి. ఇన్‌స్టాలర్ అడిగేవి నాలుగే ప్రశ్నలు, నెట్‌వర్క్ పేజీ దగ్గర మాత్రం నిదానించండి. రౌటర్ 192.168.1.1 అయి, అది ఇంట్లోని పరికరాలకు తనంతట తాను పంచే (డీహెచ్‌సీపీ) అడ్రసుల చివరి సంఖ్య 100 నుంచి 200 వరకు అనుకుందాం. సర్వర్‌కు ఆ వరసకు బయట 192.168.1.10 లాంటిది ఇవ్వండి. వరస లోపలిది ఇస్తే ఏదో ఒక రోజు ఇంటికొచ్చిన చుట్టాల ఫోన్‌కు అదే అడ్రసు వెళ్లి సర్వర్ మాయమవుతుంది. హోస్ట్ పేరు చివర డాట్ లోకల్ వాడకండి, ఇంట్లోని పరికరాలు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే ఎండీఎన్ఎస్‌తో గొడవ పడుతుంది. ఇంటి నెట్‌వర్క్‌ల కోసమే కేటాయించిన డాట్ హోమ్ డాట్ ఆర్పా వాడండి.

రీస్టార్ట్ అయ్యాక స్క్రీన్ మీద 8006 పోర్టుతో ఒక అడ్రసు కనిపిస్తుంది. లాప్‌టాప్ బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తోనే దాన్ని తెరవండి, సర్టిఫికెట్ హెచ్చరికను దాటి రూట్ పేరుతో లాగిన్ అవండి. ముందు చేయాల్సింది రిపాజిటరీలు (అప్‌డేట్లు దిగే చోట్లు) మార్చడం. నోడ్ (మీ సర్వర్ పేరు) కింద ‘అప్‌డేట్స్’లో ‘రిపాజిటరీస్’కు వెళ్లి ఎంటర్‌ప్రైజ్ అని ఉన్నవన్నీ డిసేబుల్ చేసి, ‘నో-సబ్‌స్క్రిప్షన్’ జోడించండి. ఇది చేయకపోతే అప్‌డేట్ ప్రతిసారీ 401 ఎర్రర్‌తో ఆగుతుంది. లాగిన్ అయినప్పుడల్లా సబ్‌స్క్రిప్షన్ లేదని వచ్చే చిన్న విండో వల్ల ఏ హానీ లేదు. దాన్ని తీసేసే స్క్రిప్టులు వెతక్కండి, సిస్టమ్ ఫైళ్లలో ఎవరో రాసిన మార్పులు చేయించడం కన్నా ఓకే నొక్కడం నయం.

డిస్కు

ఒక్క డ్రైవ్ ఉంటే ఇన్‌స్టాలర్ మామూలుగా ఇచ్చే ఈఎక్స్‌టీ4, ఎల్‌వీఎం-థిన్ ఏర్పాటే చాలు. రెండు సమానమైన డ్రైవ్‌లుంటే జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ (ఒకే డేటాను రెండింటి మీదా రాయడం) చేయొచ్చు. కానీ ఒకే పెట్టెలో రెండో డ్రైవ్ పెట్టడం కన్నా, ఆ డబ్బుతో పెట్టె బయట బ్యాకప్ డిస్కు కొనుక్కోమంటాం. ల్యాబ్‌లో డ్రైవ్ చచ్చిపోవడం కన్నా మన చేత్తో మనం డిలీట్ చేయడమే ఎక్కువ, మిర్రర్ ఆ డిలీట్‌ను రెండో డ్రైవ్‌లోనూ నమ్మకంగా చేసేస్తుంది.

ఎస్ఎస్‌డీ టీఎల్‌సీ రకం తీసుకోండి. చవకగా వచ్చే క్యూఎల్‌సీ డ్రైవ్‌లు మొదట్లో వేగంగా రాసి, లోపలి క్యాష్ నిండగానే కుంటుతాయి. అప్పుడు ముందు దెబ్బ తినేది కుబర్నెటీస్. దాని డేటాబేస్ ఈటీసీడీ ప్రతి మార్పునూ డిస్కులో ఖాయం చేసుకునేదాకా ఆగుతుంది. డిస్కు ఆలస్యమైతే లాగ్ ఫైళ్లలో ‘టుక్ టూ లాంగ్’ అని వరసగా వస్తుంది, ఏపీఐ సర్వర్ పడుతూ లేస్తూ ఉంటుంది. తప్పు యామల్ సెట్టింగుల ఫైల్లో ఉందేమోనని జనం వెతుకుతారు, అసలు తప్పు డిస్కులో ఉంటుంది.

ఎల్‌వీఎం-థిన్‌లో ఒక ప్రమాదం తెలిసి ఉండాలి. 500 జీబీ పూల్ (వీఎంలన్నీ పంచుకునే చోటు) మీద 100 జీబీ డిస్కులు ఎనిమిది ఇచ్చినా అది కాదనదు, రాసినంత మేరకే చోటు తీసుకుంటుంది. పూల్ నిజంగా నూరు శాతం నిండిన రోజున మాత్రం దాని మీదున్న వీఎంలన్నిటికీ ఒకేసారి రైట్ ఎర్రర్లు వస్తాయి, ఫైల్ సిస్టమ్‌లు దెబ్బతింటాయి. 80 శాతం దాటనివ్వకండి. ప్రతి వీఎం డిస్కుకూ ‘డిస్కార్డ్’ టిక్ పెట్టండి. అది లేకపోతే వీఎం లోపల 40 జీబీ ఫైళ్లు చెరిపినా పూల్‌కు ఒక్క జీబీ కూడా తిరిగి రాదు.

నెట్‌వర్క్

సర్వర్‌కు లాన్ కేబుల్ తప్పదు. వై-ఫై మీద బ్రిడ్జ్, అంటే వీఎంలను ఇంటి నెట్‌వర్క్‌లో నేరుగా కలిపే ఏర్పాటు, పనిచేయదు, ఎందుకంటే యాక్సెస్ పాయింట్ తనతో కలిసిన కార్డు మ్యాక్ అడ్రసునే (కార్డు గుర్తింపు సంఖ్య) ఒప్పుకుంటుంది, దాని వెనక ఉన్న వీఎంల మ్యాక్‌లను పట్టించుకోదు. ఇన్‌స్టాలర్ తయారు చేసే వీఎంబీఆర్0 అన్నది ఆ బ్రిడ్జే, ఒక స్విచ్ లాంటిది. దానికి తగిలించిన ప్రతి వీఎం మీ రౌటర్ నుంచి నేరుగా అడ్రసు తీసుకుంటుంది. డీహెచ్‌సీపీ సర్వర్, యాక్టివ్ డైరెక్టరీ లాంటి ప్రయోగాలకు ఏ పోర్టూ లేని రెండో బ్రిడ్జ్ వీఎంబీఆర్1 చేసుకోండి. లేకపోతే మీ ప్రయోగపు డీహెచ్‌సీపీ ఇంట్లో ఫోన్లకు అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది, ఇంటిల్లిపాదికీ ఇంటర్నెట్ పోతుంది.

ఈ మినీ పీసీల్లో తరచూ ఉండే ఇంటెల్ ఐ219 లాన్ చిప్‌కు ఒక పేరుమోసిన జబ్బుంది. పెద్ద బ్యాకప్ కాపీ అవుతుండగా నెట్‌వర్క్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. మానిటర్ తగిలిస్తే మెషిన్ బతికే ఉంటుంది, లాగ్ ఫైల్లో ‘డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్’ అని వరసగా పడుతూ ఉంటుంది. ఈథ్‌టూల్ కమాండుతో ఆ ఇంటర్‌ఫేస్ మీద టీఎస్ఓ, జీఎస్ఓ (డేటాను ప్యాకెట్లుగా విడగొట్టే పనికి సంబంధించిన సెట్టింగులు) రెండూ ఆఫ్ చేస్తే సాధారణంగా తగ్గుతుంది. రీస్టార్ట్ అయ్యాక కూడా నిలవాలంటే ఆ కమాండును నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో పోస్ట్-అప్ లైనుగా రాసి పెట్టండి. ఇక, కొత్త పీసీఐ కార్డు పెట్టాక నెట్‌వర్క్ అసలే రాకపోతే లాన్ పోర్టు పేరు మారి ఉంటుంది. కన్సోల్‌లో ఐపీ లింక్ కమాండుతో కొత్త పేరు చూసి అదే ఫైల్లో సరిదిద్దండి.

మొదటి వీఎం, దాని నుంచి టెంప్లేట్

ఉబుంటు సర్వర్ 24.04 ఐఎస్ఓను ‘లోకల్’ స్టోరేజ్‌లోకి ఎక్కించి ‘క్రియేట్ వీఎం’ నొక్కండి. 2 కోర్లు, 2 జీబీ ర్యామ్, 32 జీబీ డిస్కు. డిస్కు కంట్రోలర్ వర్ట్‌ఐఓ స్కజీ సింగిల్, నెట్‌వర్క్ కార్డు వర్ట్‌ఐఓ, ‘క్యూఈఎంయూ ఏజెంట్’ టిక్. ఒక్క మెషినే ఉన్న ల్యాబ్‌లో సీపీయూ రకం ‘హోస్ట్’ పెట్టండి. పాత గైడ్లలో ఉండే కేవీఎం64 పెడితే రెడ్ హ్యాట్ 9 కుటుంబానికి చెందినవి బూట్ కూడా కావు, ప్రాసెసర్ ఎక్స్86-64-వీ2కు సరిపోదని చెప్పి అక్కడే పడిపోతాయి.

ఇన్‌స్టాల్ అయ్యాక డిస్కు చోటు చూపించే డీఎఫ్ కమాండు కొట్టి చూస్తే 32 జీబీ ఇచ్చిన చోట రూట్‌కు (సిస్టమ్ ఉండే భాగానికి) దాదాపు సగమే కనిపిస్తుంది. మిగతాది ఎక్కడికీ పోలేదు. ఉబుంటు ఇన్‌స్టాలర్ ఎల్‌వీఎంలో సగం చోటును కేటాయించకుండా ఉంచుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే స్టోరేజ్ పేజీలో రూట్ వాల్యూమ్ సైజును పూర్తిగా పెంచేయండి.

ఇప్పుడు అప్‌డేట్లు, గెస్ట్ ఏజెంట్ (వీఎం లోపలి నుంచి ప్రాక్స్‌మాక్స్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్), మీ ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే) కీ వేసి, టెంప్లేట్‌గా, అంటే క్లోన్లు తీసే అచ్చుగా, మార్చే ముందు ఒక పని చేయండి. ఈటీసీ ఫోల్డర్‌లో మెషిన్-ఐడీ అనే ఒక్క లైను ఫైలుంటుంది. ఉబుంటు డీహెచ్‌సీపీ అడిగేటప్పుడు తన గుర్తింపును మ్యాక్ నుంచి కాకుండా ఈ ఐడీ నుంచి తయారు చేసుకుంటుంది. దాన్ని అలాగే ఉంచి మూడు క్లోన్లు తీస్తే, మ్యాక్‌లు వేరైనా రౌటర్ దృష్టిలో ముగ్గురూ ఒక్కరే. ముగ్గురికీ 192.168.1.104 వస్తుంది. ఎస్ఎస్‌హెచ్ చేస్తే ఒకసారి ఒక మెషిన్, ఇంకోసారి ఇంకో మెషిన్ పలుకుతుంది. ఆ ఫైలును డిలీట్ చేయకండి, లోపల ఉన్నది చెరిపి ఖాళీగా ఉంచండి. తర్వాతి బూట్‌లో కొత్తది పుడుతుంది. ఖాళీ చేశాక మళ్లీ బూట్ చేయకుండా షట్‌డౌన్ చేసి ‘కన్వర్ట్ టు టెంప్లేట్’ నొక్కండి. మధ్యలో ఒక్కసారి బూట్ అయినా ఐడీ మళ్లీ రాసుకుంటుంది, చేసిన పని వృథా.

ప్రయోగాలకు టెంప్లేట్ డిస్కు మీదే ఆధారపడే లింక్డ్ క్లోన్ చాలు, సెకన్లలో తయారవుతుంది. ఎక్కువ కాలం ఉంచుకునే వీఎంకు ఫుల్ క్లోన్ తీయండి. క్లోన్ లేచాక హోస్ట్‌నేమ్‌సీటీఎల్‌తో పేరు మార్చడం మరవకండి, ఒకే పేరున్న రెండు నోడ్లను కుబర్నెటీస్ సరిగా చేర్చుకోదు. కుబర్నెటీస్‌ను ఏర్పాటు చేసే క్యూబ్‌ఏడీఎంకు స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కును వాడుకోవడం) కూడా ఆఫ్ చేయాలి.

విండోస్ సర్వర్ ఇన్‌స్టాల్ చేస్తుంటే డిస్కుల జాబితా ఖాళీగా వస్తుంది. వర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓను రెండో సీడీ డ్రైవ్‌గా తగిలించి, ‘లోడ్ డ్రైవర్’లో వీఐఓస్కజీ ఫోల్డర్ చూపిస్తే డిస్కు కనిపిస్తుంది. నెట్‌వర్క్‌కు నెట్‌కేవీఎం. 180 రోజుల ఎవాల్యుయేషన్ వెర్షన్ నేర్చుకోవడానికి సరిపోతుంది.

యాప్‌లను కంటైనర్లలో నడిపే డాకర్‌ను ఎల్ఎక్స్‌సీ కంటైనర్‌లో పెట్టకండి, ఒక వీఎంలోనే పెట్టండి. కంటైనర్లు హోస్ట్ కెర్నెల్‌నే పంచుకుంటాయి, దాన్ని అప్‌డేట్ చేసిన రోజున లోపలి డాకర్ మొరాయించే అవకాశం ఉంది.

32 జీబీని పంచుకోవడం

కోర్లను ఉన్నవాటి కన్నా ఎక్కువ పంచినా పర్వాలేదు. 6 కోర్ల మెషిన్ మీద మొత్తం 15 వర్చువల్ కోర్లు ఇచ్చినా, అన్నీ ఒకేసారి పనిచేయవు కాబట్టి నడుస్తుంది. ర్యామ్ విషయంలో ఆ ధైర్యం వద్దు. మా లెక్క ఇలా ఉంటుంది: హోస్ట్‌కు రెండున్నర జీబీ, డీఎన్ఎస్ (పేర్లను అడ్రసులుగా మార్చేది) కంటైనర్‌కు అర జీబీ, కుబర్నెటీస్ కంట్రోల్ నోడ్‌కు 4, రెండు వర్కర్లకు 3 చొప్పున 6, విండోస్ సర్వర్‌కు 6, కోడ్ బిల్డులు నడిపే జెన్‌కిన్స్‌కు 4. మొత్తం 23 జీబీ. మిగిలిన 9 జీబీని అప్పటికప్పుడు తీసే ప్రయోగాలకు ఉంచుకోవాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ వేసుకుంటే దాని క్యాష్ కూడా ఇందులోంచే పోతుంది. కొత్త ఇన్‌స్టాలేషన్లలో అది హోస్ట్ ర్యామ్‌లో పదో వంతుకు పరిమితం, పాతవాటిలో సగం దాకా తీసుకునేది.

వీఎం దానంతట అదే ఆగిపోయిందని అనిపిస్తే హోస్ట్ జర్నల్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ కోసం చూడండి. ర్యామ్ అయిపోయినప్పుడు కెర్నెల్ చాలాసార్లు అన్నిటికన్నా ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌ను చంపుతుంది, అది మీ పెద్ద వీఎమ్మే అవుతుంది. ‘ఆప్షన్స్’లో ‘స్టార్ట్ ఎట్ బూట్’, వరస సంఖ్య కూడా ఇచ్చుకోండి. డీఎన్ఎస్ 1, దాని తర్వాత 30 సెకన్ల ఆలస్యం, ఆపైన మిగతావి.

బయటి నుంచి చేరుకోవడం

8006 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవొద్దు, ఒక్క రోజుకు కూడా. చాలా ఇళ్ల కనెక్షన్లలో తెరిచినా పనిచేయదు. రౌటర్ వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పేజీలో అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే పబ్లిక్ అడ్రసును చాలా ఇళ్లు పంచుకునే ఏర్పాటు) వెనక ఉన్నట్టు, పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటివాళ్లు మీ దాకా రాలేరు. టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్‌ను చిన్న వీఎంలో వేసి, ఇంటి సబ్‌నెట్‌ను (ఇంట్లోని అడ్రసుల వరసను) దాని ద్వారా ప్రకటిస్తే ఆఫీసు నుంచీ, అమెరికా నుంచీ కూడా అందుతుంది. వై-ఫై ఆపి ఫోన్ డేటా మీద పరీక్షించండి.

రెండో పీసీ కొన్నాక రెండింటినీ కలిపి క్లస్టర్ చేయాలనిపిస్తుంది. రెండింటితో చేస్తే ఒకటి ఆగగానే రెండోదానికి మెజారిటీ పోతుంది, దాని కాన్ఫిగరేషన్ రీడ్-ఓన్లీ అయిపోతుంది, వీఎంలు స్టార్ట్ కావు. మూడో ఓటుకు ఒక రాస్ప్‌బెర్రీ పై మీద క్యూడివైస్ పెట్టగలిగితేనే చేయండి.

బ్యాకప్, అంతకన్నా ముఖ్యంగా రీస్టోర్

స్నాప్‌షాట్, అంటే వీఎం ఒక క్షణంలో ఉన్న స్థితిని గుర్తుపెట్టుకోవడం, బ్యాకప్ కాదు. అది అదే డిస్కు మీద ఉంటుంది, డిస్కుతో పాటే పోతుంది. ప్రయోగానికి ముందు తీసి, అయిపోయాక తీసేయండి.

యూఎస్‌బీ హార్డ్‌డిస్కును ఫార్మాట్ చేసి, యూయూఐడీతో (డిస్కు సొంత గుర్తింపు సంఖ్యతో) మౌంట్ అయ్యేలా, అంటే ఒక ఫోల్డర్‌గా సిస్టమ్‌కు కలిసేలా పెట్టి, ‘డేటాసెంటర్’ కింద ‘స్టోరేజ్’లో డైరెక్టరీగా చేర్చండి. ఆ స్టోరేజ్‌కు ‘ఈజ్ మౌంట్‌పాయింట్’ అనే ఆప్షన్‌ను ఎస్ అని ఇవ్వడం మరిచిపోకూడదు. ఎందుకంటే ఒక రాత్రి ఆ డిస్కు వైరు కాస్త వదులై మౌంట్ కాకపోయినా, ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ మాత్రం రూట్ డిస్కు మీద ఉంటుంది. బ్యాకప్ జాబ్ దానిలోకే రాసుకుంటూ పోయి రూట్‌ను నింపేస్తుంది. తెల్లారేసరికి వెబ్ పేజీలో లాగిన్ కూడా కాదు. ఆ ఆప్షన్ ఉంటే డిస్కు లేదని జాబ్ ఫెయిల్ అవుతుంది, మనకు కావాల్సింది అదే.

‘బ్యాకప్’ పేజీలో రాత్రి 2 గంటలకు జాబ్ పెట్టండి. మోడ్ స్నాప్‌షాట్ (ఇక్కడ ఆ పేరుకు వీఎంను ఆపకుండా బ్యాకప్ తీయడం అని అర్థం), కంప్రెషన్ జెడ్‌ఎస్‌టీడీ, రిటెన్షన్ రోజువారీ 7, వారంవారీ 4. తిరిగి కట్టుకోగలిగే కుబర్నెటీస్ వర్కర్లను ఇందులో చేర్చకండి, వాటి స్క్రిప్టులు గిట్‌లో ఉంటే చాలు. యూఎస్‌బీ డిస్కు ఒక్కటే కాక పాత లాప్‌టాప్ ఉంటే దాని మీద ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వేయండి. అది మారిన ముక్కలనే పంపించుకుంటుంది కాబట్టి ఒకే టెంప్లేట్ నుంచి వచ్చిన పది వీఎంలు కూడా కొద్ది చోటులోనే సర్దుకుంటాయి.

నెలకోసారి ఒక వీఎంను నిజంగా రీస్టోర్ చేసి చూడండి. బ్యాకప్ ఫైలు ఎంచుకుని ‘రీస్టోర్’ నొక్కి, 900 లాంటి కొత్త నంబరు ఇచ్చి, ‘యూనిక్’ టిక్ పెట్టండి, దాంతో కొత్త మ్యాక్ వస్తుంది. అసలు వీఎంకు స్టాటిక్ ఐపీ ఉంటే స్టార్ట్ చేసే ముందు రీస్టోర్ అయిన దాని నెట్‌వర్క్ కార్డుకు ‘డిస్కనెక్ట్’ పెట్టాలి, లేదంటే రెండూ ఒకే అడ్రసు కోసం కొట్టుకుంటాయి. కన్సోల్ తెరిచి లాగిన్ అవండి, డేటాబేస్ ఉంటే ఒక క్వెరీ నడపండి, మొత్తం ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి. చూడటం అయ్యాక 900ను ఆపి ‘రిమూవ్’ నొక్కితే ప్రాక్స్‌మాక్స్ ఆ నంబరును మిమ్మల్నే టైప్ చేయమంటుంది. అక్కడ అలవాటు మీద గబగబా కొట్టకుండా, ఎడమ జాబితాలో వెలుగుతున్నది 900వ నంబరేనా అని ఒకసారి చూసి టైప్ చేయండి.